పచ్చికకు ఇంకో వారం ఇవ్వండి: ఏటీపీ, డబ్ల్యూటీఏ పెద్దలకు బహిరంగ లేఖ

ఏటా టెన్నిస్ క్యాలెండర్ తయారుచేసే ఏటీపీ (పురుషుల టూర్), డబ్ల్యూటీఏ (మహిళల టూర్) పెద్దలకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఉండే మామూలు టెన్నిస్ అభిమానిని. నాకు టోర్నీ లేదు, అకాడమీ లేదు, మీ నిర్ణయాల వల్ల వచ్చే లాభం గానీ పోయే డబ్బు గానీ లేదు. అయినా ఈ లేఖ రాయకుండా ఉండలేకపోతున్నాను. మా ఇళ్లలో జూన్ అంటే తొలకరి, బడులు తెరవడం, పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడం. వాటితోపాటే టీవీలో పచ్చిక కోర్టులు కనిపించడం మొదలవుతుంది. వింబుల్డన్ బయటి కోర్టుల్లో తొలి సర్వీస్ పడేసరికి మాకు మధ్యాహ్నం మూడున్నర. సెంటర్ కోర్టులో ఆట మొదలయ్యేసరికి సాయంత్రం ఆరు. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేలోపు మొదటి సెట్ సగం అయిపోతుంది. ఆ కొద్ది వారాల కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

ఆ వారాలెన్ని అని లెక్కేస్తే మనసు చివుక్కుమంటుంది. 2025లో ఫ్రెంచ్ ఓపెన్ జూన్ 8న ముగిసింది. వింబుల్డన్ పురుషుల ఫైనల్ జూలై 13న జరిగింది. మధ్యనున్న ఐదు వారాలే పచ్చిక సీజన్ మొత్తం. అందులో రెండు వింబుల్డన్‌వే. 2024 దాకా వింబుల్డన్ అయ్యాక ఇంకో వారం మిగిలేది, అమెరికాలోని న్యూపోర్ట్‌లో. ఇప్పుడు అది కూడా ప్రధాన టూర్‌లో లేదు. సెంటర్ కోర్టులో కప్పు చేతికందిన ఆదివారంతో ఆ ఏడాదికి టూర్‌లో గడ్డి మీద ఆట అయిపోయినట్టే.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. వింబుల్డన్ తర్వాతి వారాన్ని పురుషులకూ మహిళలకూ పచ్చిక కోసం కేటాయించండి. చిన్న పచ్చిక టోర్నీలను ప్రధాన టూర్‌లోంచి ఒక్కొక్కటిగా దించేయడం ఆపండి. పచ్చిక మీద మాస్టర్స్ 1000 (గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి మెట్టు టోర్నీ) పెట్టాలన్న మాట వినిపించినప్పుడల్లా, దాని కింద నలిగిపోయే నాలుగైదు ఊళ్లను ఒక్కసారి తలుచుకోండి.

ఒకప్పుడు ఈ ఆటకు గడ్డే నేల. 1974 వరకు నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు పచ్చిక మీదే జరిగేవి. ఆ ఏడాది జిమ్మీ కానర్స్ గెలిచిన ఆస్ట్రేలియన్, వింబుల్డన్, యూఎస్ టైటిళ్లు మూడూ గడ్డి మీద వచ్చినవే. 1975లో యూఎస్ ఓపెన్ జరిగే ఫారెస్ట్ హిల్స్‌లో గడ్డి తీసేసి మట్టి వేశారు. 1978లో యూఎస్ ఓపెన్ ఫ్లషింగ్ మెడోస్‌లోని హార్డ్‌కోర్టులకు (సిమెంటులాంటి గట్టి నేల) తరలిపోయింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1987లో చివరిసారి మెల్‌బోర్న్‌లోని కూయాంగ్ పచ్చిక మీద జరిగి, మరుసటి ఏడాది అదే ఊళ్లోని కొత్త హార్డ్‌కోర్టు స్టేడియానికి మారింది. వాళ్లను తప్పుపట్టడం లేదు. గడ్డి కోర్టును పోషించడం మాటలు కాదు. ఏడాదంతా కాపాడితే ఆడుకోనిచ్చేది కొన్ని వారాలే. వాన పడితే ఆట ఆగిపోతుంది, ఎండ ముదిరితే గడ్డి మాడిపోతుంది. హార్డ్‌కోర్టుకు ఈ బాధలేవీ లేవు. కానీ ఆ రోజుల్లో ఆటగాడికి ఏడాదిలో మూడు వేర్వేరు కాలాల్లో, మూడు వేర్వేరు దేశాల్లో గడ్డి మీద ఆడే అవకాశం ఉండేది. ఇప్పుడున్నది ఒకే కాలం, దాదాపు ఒకే ఖండం.

2015లో ఒక మంచి పని జరిగింది. అంతవరకూ ఫ్రెంచ్ ఓపెన్‌కూ వింబుల్డన్‌కూ మధ్య రెండు వారాలే గడువు. వింబుల్డన్ నడిపే ఆల్ ఇంగ్లండ్ క్లబ్ ముందుకొచ్చి టోర్నీని వారం ఆలస్యంగా మొదలుపెట్టింది, మీరు దానికి తగ్గట్టు క్యాలెండర్ సర్దారు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఒక్క వారం దొరికేసరికి ఏమేం జరిగాయో చూడండి. జర్మనీలోని హాలే, లండన్‌లోని క్వీన్స్ క్లబ్ టోర్నీలు ఆ ఏడాదే 500 స్థాయికి (విజేతకు వచ్చే ర్యాంకింగ్ పాయింట్లే ఆ అంకె) ఎదిగాయి. అప్పటిదాకా మట్టి మీద జరిగే స్టట్‌గార్ట్ టోర్నీ గడ్డికి మారింది. గడ్డి మీద దాని తొలి విజేత ఎవరో కాదు, మట్టికి మారుపేరైన రఫెల్ నాదల్. 2016లో స్పెయిన్ దీవి మయోర్కాలో మహిళల టోర్నీ పుట్టింది, 2021లో అక్కడే పురుషుల టోర్నీ వచ్చింది. అదే 2021లో బెర్లిన్, బాడ్ హోంబుర్గ్‌లలో మహిళలకు కొత్త పచ్చిక టోర్నీలు మొదలయ్యాయి. గడ్డికి గిరాకీ లేదని, పెట్టుబడి రాదని అనేవాళ్లకు ఇంతకన్నా జవాబేం కావాలి? చోటిస్తే వచ్చింది.

పచ్చిక అంటే అంతటా ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఏ ఊరి గడ్డి ఆ ఊరిదే. నా వాదన మొత్తం దీని మీదే నిలబడి ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

వింబుల్డన్‌లో 2001 నుంచి పూర్తిగా రైగ్రాస్ వేస్తున్నారు. అంతకుముందు దాంట్లో ముప్పై శాతం ఫెస్క్యూ అనే ఇంకో గడ్డి కలిసేది. రైగ్రాస్ ఎక్కువ తొక్కిడి తట్టుకుంటుంది. దాని కింద నేల గట్టిగా, పొడిగా ఉండటంతో బంతి మునుపటికన్నా చక్కగా పైకి లేస్తుంది. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించిన ఆ గడ్డి మొదటి సోమవారం కళ్లకు చల్లగా ఉంటుంది గానీ కాళ్లకు ప్రమాదకరం. 2021లో సెరెనా విలియమ్స్ తొలి రౌండ్‌లోనే సెంటర్ కోర్టు మీద జారి, గాయంతో కన్నీళ్లు పెట్టుకుంటూ తప్పుకుంది. అదే రోజు అదే కోర్టులో ఫెదరర్ మీద ఆడుతున్న మనారినో కూడా జారిపడి ఆట వదులుకోవాల్సి వచ్చింది. లేత గడ్డిలో తడి ఎక్కువ, పైకప్పు మూస్తే అది ఇంకా పెరుగుతుంది. రెండో వారానికి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర గడ్డి అరిగి గోధుమరంగు నేల బయటపడుతుంది. అప్పుడు అడుగు నిలుస్తుంది గానీ బంతి ఎటు పోతుందో చెప్పలేం. ఒకే కోర్టు పద్నాలుగు రోజుల్లో రెండు రకాల కోర్టుగా మారుతుంది. మట్టి కోర్టును పొద్దుటికల్లా చదును చేసి నిన్నటిలా చేసేయొచ్చు. గడ్డితో ఆ సౌకర్యం లేదు.

హాలేకు వస్తే, అక్కడ సెంటర్ కోర్టుకు 1994 నుంచే మూసే పైకప్పు ఉంది. వింబుల్డన్ సెంటర్ కోర్టుకు 2009లో గానీ రాని సదుపాయం అది. వాన వల్ల ఆట వాయిదాపడే టెన్షన్ లేకపోవడంతో అక్కడ ఆటగాడు అనుకున్నన్ని మ్యాచ్‌లు అనుకున్న వేళకు ఆడగలడు. రోజర్ ఫెదరర్ పదిసార్లు గెలిచింది అక్కడే. క్వీన్స్ క్లబ్ పాతకాలపు లండన్ క్లబ్బు, 1890 నుంచి అక్కడ ఈ టోర్నీ జరుగుతోంది. గ్యాలరీ కోర్టును ఆనుకుని ఉంటుంది, వింబుల్డన్‌కు రిహార్సల్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే.

ఇంగ్లండ్‌లోని ఈస్ట్‌బోర్న్ తీరే వేరు. డెవన్‌షైర్ పార్క్ సముద్రానికి కూతవేటు దూరం. సర్వీస్ కోసం పైకి ఎగరేసిన బంతిని గాలి పక్కకు లాగేస్తుంటే, ఆటగాళ్లు దాన్ని కొట్టకుండా పట్టుకుని మళ్లీ ఎగరేయడం అక్కడ రోజూ కనిపించే దృశ్యం. విశాఖ బీచ్‌రోడ్డు దగ్గర షటిల్ ఆడబోయినవాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది. ఆ గాలిలో పాదాలు చురుగ్గా కదపడం, ఎత్తు తగ్గించి సర్వీస్ చేయడం నేర్చుకున్నవాడికి ఇంకెక్కడైనా సులువే. టేలర్ ఫ్రిట్జ్ ఈస్ట్‌బోర్న్ నాలుగుసార్లు గెలిచాడు. 2025లో అటు స్టట్‌గార్ట్, ఇటు ఈస్ట్‌బోర్న్ గెలిచి వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్లాడు. మార్టినా నవ్రతిలోవా అక్కడ పదకొండుసార్లు సింగిల్స్ గెలిచింది. ఇక మయోర్కా మధ్యధరా ఎండలో ఆడే గడ్డి, లండన్ గడ్డికి పూర్తిగా భిన్నం.

ఇన్ని రకాల మధ్య తిరిగితేనే పచ్చిక ఆట అబ్బుతుంది. ఒక్క చోట ఒక్క వారం ఆడితే రాదు.

2025 జూన్‌లో క్వీన్స్ క్లబ్‌లో జరిగింది చూస్తే ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. 1973 తర్వాత మొదటిసారి మహిళలకు అక్కడ ఆడే అవకాశం వచ్చింది. ఆ టోర్నీకి జర్మనీ క్రీడాకారిణి తాత్యానా మరియా క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) నుంచి వచ్చింది. వయసు 37, ఇద్దరు పిల్లల తల్లి. ఫోర్‌హ్యాండ్ వైపు కూడా స్లైసే, అంటే బంతిని కింద నుంచి కోసినట్టు కొట్టే షాటే. ఈ రోజుల్లో దాదాపు ఎవరూ అలా ఆడరు. హార్డ్‌కోర్టు మీద ఆ బంతి నడుము ఎత్తుకు లేచి ప్రత్యర్థికి పండగ చేస్తుంది. గడ్డి మీద మాత్రం కింద పడ్డాక లేవనే లేవదు, చీలమండ ఎత్తులో జారిపోతుంది. రిబాకినా, కీస్ లాంటి భారీ షాట్ల క్రీడాకారిణులు మోకాళ్లు నేలకు ఆనేలా వంగి ఆ బంతిని ఎత్తాల్సి వచ్చింది. ఎత్తిన బంతి నెట్టుకు తగిలింది, లేదంటే మెల్లగా మరియా చేతికి అందింది. ఇద్దరూ ఓడారు. ఫైనల్లో అనిసిమోవా కూడా ఓడింది. ఆ ఓటమి అనిసిమోవాకు ఏం నేర్పిందో ఆమే చెప్పాలి గానీ, నెల తిరక్కుండానే ఆమె వింబుల్డన్ ఫైనల్లో ఉంది. పచ్చిక సీజన్‌లో ప్రతి వారం ఇలా ఒకరికి పాఠం, ఇంకొకరికి పండగ అవుతుంది. మరియాలాంటి ఆటతీరుకు ఏడాదిలో ఈ కాస్త చోటే మిగిలింది.

ఆ టోర్నీ ముందు పురుషుల టూర్ వైపు నుంచి ఒక ఆందోళన వినిపించింది. మహిళల వారం ముందు పెడితే కోర్టులు అరిగిపోయి తర్వాతి వారం పురుషులకు పనికిరావని. ఏమైంది? పురుషుల టోర్నీ ఎప్పటిలాగే జరిగింది, అల్కరాజ్ గెలిచాడు. జాగ్రత్తగా చూసుకుంటే గడ్డి రెండు వారాలు తట్టుకుంటుంది.

అయితే ఆ మంచి మార్పుకు మూల్యం వేరేవాళ్లు చెల్లించారు. మహిళలకు క్వీన్స్‌లో చోటు దొరికిన ఏడాదే ఈస్ట్‌బోర్న్ మహిళల టోర్నీ 500 స్థాయి నుంచి 250కి దిగింది. బర్మింగ్‌హామ్‌లో 1982 నుంచి నడిచిన మహిళల టోర్నీ ప్రధాన టూర్‌లోంచే పోయి 125 స్థాయికి, పురుషుల చాలెంజర్ (ప్రధాన టూర్‌కు కింది మెట్టు టోర్నీ) పక్కకు చేరింది. 2004 జూన్‌లో పదిహేడేళ్ల షరపోవా ఆ బర్మింగ్‌హామ్‌లో గెలిచాకే వింబుల్డన్‌కు వెళ్లి సెరెనాను ఓడించింది. అలాంటి చోటుకు స్థాయి తగ్గిస్తే పేరొక్కటే తగ్గదు. ర్యాంకింగ్ పాయింట్లు తగ్గుతాయి, పెద్ద క్రీడాకారిణులు రారు, రాకపోతే టికెట్లు అమ్ముడుపోవు, కొన్నాళ్లకు ఆ గడ్డి పోషించడానికి క్లబ్బుకు కారణమే మిగలదు. గడ్డి కోర్టు ఒకసారి పోతే తిరిగి రాదు. ఫారెస్ట్ హిల్స్ తర్వాత యూఎస్ ఓపెన్‌లో గడ్డి మళ్లీ మొలిచిందా?

న్యూపోర్ట్ సంగతి నాకు ఇంకా బాధ. మా దేశానికి ఆ ఊరితో ఉన్న బంధం అలాంటిది. 1881లో అమెరికా జాతీయ చాంపియన్‌షిప్ మొదటిసారి జరిగింది న్యూపోర్ట్ క్యాసినో అనే క్లబ్బు గడ్డి మీదే. ఇప్పుడు అక్కడే ఆట దిగ్గజాలను గౌరవించే టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. విజయ్ అమృత్‌రాజ్ అక్కడ 1976, 1980, 1984లో మూడుసార్లు గెలిచాడు. లియాండర్ పేస్‌కు జీవితంలో వచ్చిన ఒకే ఒక్క ఏటీపీ సింగిల్స్ టైటిల్ 1998లో వచ్చింది అక్కడే. 2008లో ప్రకాశ్ అమృత్‌రాజ్, 2018లో రామ్‌కుమార్ రామనాథన్ ఫైనల్ దాకా వెళ్లారు. సింగిల్స్‌లో పెద్ద ర్యాంకులు లేని మావాళ్లకు, గడ్డి మీద సర్వీస్ చేసి నెట్టుకు పరిగెత్తే పాత పద్ధతి తెలిసిన మావాళ్లకు, ప్రపంచంలో ఒక చోట తలుపు తెరిచి ఉండేది. ఆ చోటు అదే.

2024 జూలైలో విజయ్, లియాండర్ ఇద్దరూ ఒకే రోజు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. ఆసియా పురుష క్రీడాకారులకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఒకప్పుడు తాము గెలిచిన గడ్డి పక్కన నిలబడి ఇద్దరూ మాట్లాడుతుంటే ఇక్కడ మేం అర్ధరాత్రి ఫోన్లలో ఆ వీడియోలు ఒకరికొకరం పంపుకున్నాం. ఏటీపీ టూర్ టోర్నీగా న్యూపోర్ట్‌కు అదే చివరి ఏడాది. 2025లో దాన్ని పురుషులకు చాలెంజర్‌గా, మహిళలకు 125 స్థాయి టోర్నీగా మార్చి, వింబుల్డన్ రెండో వారంలోకి నెట్టారు. అంటే ప్రపంచమంతా వింబుల్డన్ క్వార్టర్‌ఫైనల్స్ చూస్తున్నప్పుడు న్యూపోర్ట్‌లో ఆట నడుస్తుంది. దాని గురించి పట్టించుకునేదెవరు? మహిళలకు కూడా అక్కడ చోటిచ్చారు, అది మంచిదే, మెచ్చుకుంటాను. కానీ స్థాయి తీసేసి చోటివ్వడం ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడమే.

న్యూపోర్ట్‌కు పెద్ద ఆటగాళ్లు రారు, అందుకే తీసేశామని మీరు అనొచ్చు. నిజమే, వింబుల్డన్ సెమీస్ ఆడినవాడు మరుసటి వారం అక్కడికి ఎందుకు వెళ్తాడు? కానీ ఆ టోర్నీ వాళ్ల కోసం పెట్టింది కాదు. వింబుల్డన్‌లో మొదటి, రెండో రౌండ్లలో ఓడినవాళ్లు ఎంతమంది? ర్యాంకుల్లో నలభై నుంచి నూటయాభై మధ్య ఉన్నవాళ్లు, ఏడాదికి మూడు నాలుగు గడ్డి మ్యాచ్‌లు ఆడి, అప్పుడప్పుడే అడుగులు కుదుటపడుతుండగా సీజన్ అయిపోయేవాళ్లు. జాన్ ఇస్నర్ న్యూపోర్ట్‌లో నాలుగుసార్లు గెలిచాడు. అతని సర్వీస్‌కు గడ్డి ఎంత అనువో అందరికీ తెలుసు, అయినా వింబుల్డన్‌లో అతను సెమీస్ చేరింది 2018లోనే. అలాంటి ఆటగాళ్లకు వింబుల్డన్ తర్వాతి వారం ఓ సాంత్వన, పాయింట్లు కూడా.

ఇప్పుడు వాళ్లేం చేయాలి? మీ క్యాలెండర్ చూడండి. వింబుల్డన్ ముగిసిన వారమే స్వీడన్‌లో బోస్టాడ్, స్విట్జర్లాండ్‌లో గ్‌స్టాడ్, రెండూ మట్టి. అదే జూలైలో ఉమాగ్, కిట్స్‌బుహెల్, మళ్లీ మట్టి. ఆ వెంటనే హార్డ్‌కోర్టుల్లో కెనడా, సిన్సినాటి. మే నెల మట్టి, జూన్ గడ్డి, జూలై మధ్యలో మళ్లీ మట్టి, ఆగస్టుకు హార్డ్‌కోర్టు. మే నుంచి ఆగస్టులోపు మూడుసార్లు నేల మారుతోంది. మోకాళ్లకు, చీలమండలకు, నడుముకు ఇది ఎంత భారమో మీ ఫిజియోలే చెప్పాలి. బోస్టాడ్‌కు, గ్‌స్టాడ్‌కు వాటి చరిత్ర ఉంది, వాటిని తీసేయమనడం నా ఉద్దేశం కాదు. వాటి పక్కన ఒక్క పచ్చిక టోర్నీకి చోటిమ్మంటున్నాను. గడ్డి మీద కుదురుకున్న ఆటగాడు అక్కడే ఇంకో వారం ఆడాలనుకుంటే ఆడుకోనివ్వండి.

జూలై రెండో సగంలో గడ్డి సిద్ధంగా ఉండదనే వాదన కూడా నిలవదు. 2012లో వింబుల్డన్ జూలై 8న ముగిసింది. సరిగ్గా ఇరవై రోజులకు, జూలై 28న, అదే కోర్టుల్లో ఒలింపిక్స్ మొదలయ్యాయి. అరిగిపోయిన బేస్‌లైన్ల దగ్గర ముందే మొలకెత్తించిన విత్తనాలు చల్లి, ఆ కొద్ది రోజుల్లోనే మళ్లీ పచ్చగా చేశారు. ఆ ఒలింపిక్స్‌లో మా హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ లియాండర్‌తో జోడీకట్టి ఆ గడ్డి మీదే ఆడాడు, సానియా మీర్జా కూడా మిక్స్‌డ్ డబుల్స్ ఆడింది. అప్పుడు మేం కోర్టు మూలమూలలా చూశాం. ఇరవై రోజుల కింద ఫైనల్ జరిగిన చోటని ఎవరూ అనరు. పైగా మీకు వింబుల్డన్ కోర్టులే కావాలని కాదు. బర్మింగ్‌హామ్, ఈస్ట్‌బోర్న్, నాటింగ్‌హామ్ లాంటి క్లబ్బుల్లో టూర్ టోర్నీలకు గడ్డి వాడేది జూన్‌లో కొద్ది రోజులే. న్యూపోర్ట్ గడ్డి మీద 2024లో ఆ వారమే ఆడారు.

ఇక మాస్టర్స్ సంగతి. తొమ్మిది మాస్టర్స్‌లో ఆరు హార్డ్‌కోర్టు, మూడు మట్టి, పచ్చికకు ఒక్కటీ లేదు. అన్యాయమేనని ఒప్పుకుంటాను, చాలామంది అభిమానులు ఈ మాటే అంటారు. కానీ నాకు భయం వేరే ఉంది. మీ మాస్టర్స్‌లు చాలావరకు పన్నెండు రోజులకు సాగిపోయాయి. మాడ్రిడ్, రోమ్, షాంఘై ముందే అలా అయ్యాయి. 2025లో కెనడా, సిన్సినాటి కూడా ఆ దారే పట్టాయి. అలాంటి టోర్నీని ఫ్రెంచ్ ఓపెన్‌కూ వింబుల్డన్‌కూ మధ్యనున్న మూడు వారాల్లో పెడితే, మిగతావాటికి మిగిలేదేంటి? హాలేకో క్వీన్స్‌కో కిరీటం పెట్టి స్టట్‌గార్ట్, నెదర్లాండ్స్‌లోని రోస్‌మాలెన్, మయోర్కా, ఈస్ట్‌బోర్న్ నలుగురినీ ఇంట్లోంచి పంపేసినట్టవుతుంది. 96 మంది ఆడే టోర్నీకి కావలసినన్ని మంచి గడ్డి కోర్టులు ఒకే చోట దొరకడమూ కష్టమే. అందుకే పచ్చికకు ఇప్పుడు కావలసింది పెద్ద టోర్నీ కన్నా ఎక్కువ వారాలు, ఎక్కువ ఊళ్లు.

ఇక్కడ మా దేశం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఇది మీతోపాటు ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్ పెద్దలకూ వర్తిస్తుంది. ఐరోపాలో గడ్డి మంచు కింద పడుకున్నప్పుడు మా దగ్గర గడ్డి ఆటకు సిద్ధంగా ఉంటుంది. కోల్‌కతా సౌత్ క్లబ్‌లో, ఢిల్లీ జింఖానాలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ పోటీలు గడ్డి మీద జరిగాయి. 1966లో రామనాథన్ కృష్ణన్ కోల్‌కతా గడ్డి మీద ఓటమి అంచు నుంచి తేరుకుని బ్రెజిల్ ఆటగాడు థామస్ కోచ్‌ను ఓడిస్తేనే భారత్ మొదటిసారి డేవిస్ కప్ తుదిపోరుకు వెళ్లింది.

అంత చరిత్ర ఉన్న సౌత్ క్లబ్‌లోనే 2019 ఫిబ్రవరిలో ఇటలీని గడ్డి మీద ఇబ్బంది పెడదామనుకుని 3-1తో ఓడాం. కారణం కష్టమేమీ కాదు. మా కుర్రాళ్లు కూడా ఏడాదంతా హార్డ్‌కోర్టుల మీదే ఆడేవాళ్లు. గడ్డి వాళ్లకూ అంతే కొత్త. 2022లో ఢిల్లీలో డెన్మార్క్‌ను, 2024లో ఇస్లామాబాద్‌లో పాకిస్తాన్‌ను గడ్డి మీదే ఓడించాం. ఇస్లామాబాద్‌లో డబుల్స్ గెలిచిన జోడీలో మా సాకేత్ మైనేని ఉన్నాడు. అంటే చేయగలం, అలవాటుంటే ఇంకా బాగా చేయగలం.

2025 ఫిబ్రవరిలో చెన్నై, ఢిల్లీ, పుణె, బెంగళూరుల్లో వరుసగా చాలెంజర్ టోర్నీలు పెట్టారు. అన్నీ హార్డ్‌కోర్టులే. అలాంటివాటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి, కోల్‌కతా గడ్డి మీద పెట్టండి. ఆస్ట్రేలియన్ ఓపెన్ అయ్యాక, అమెరికాలో హార్డ్‌కోర్టు మాస్టర్స్‌కు ముందు, ఆ వారంలో గడ్డి మీద ఆడటానికి ఎవరొస్తారని అడగొచ్చు. పెద్దవాళ్లు రారు. రెండు వందల ర్యాంకు దగ్గరున్న ఆస్ట్రేలియా, బ్రిటన్, జపాన్ కుర్రాళ్లు వస్తారు, జూన్‌లో వింబుల్డన్ క్వాలిఫయింగ్‌కు వెళ్లే ముందు ఓ వారం గడ్డి మీద ఆడే అవకాశం ఎవరు వదులుకుంటారు? మా వాళ్లకు సొంత గడ్డి మీద పాయింట్లు వస్తాయి. సౌత్ క్లబ్ లాంటి చోట్ల మైదానం చూసుకునేవాళ్లకు ఆ గడ్డిని ఇంకో ఇరవై ఏళ్లు కాపాడటానికి ఒక కారణం దొరుకుతుంది.

సౌదీ అరేబియాలో కొత్త మాస్టర్స్ 2028 నుంచే రావచ్చని మీరు ప్రకటించారు. అంటే అప్పటికల్లా క్యాలెండర్ మొత్తం మళ్లీ సర్దాల్సిందే. వారాలు జరుపుతారు, 250 స్థాయి లైసెన్సులు కొన్ని వెనక్కి తీసుకుంటారు, కొన్ని ఊళ్లు జాబితాలోంచి పోతాయి. ఆ సర్దుబాటులో మొదట కోత పడేది చిన్న పచ్చిక టోర్నీల మీదేనని నా భయం. ఆ సమావేశాల్లో కూర్చునే మీలో ఒక్కరైనా ఈ మూడు మాటలు మాట్లాడాలని కోరుకుంటున్నాను. వింబుల్డన్ తర్వాతి వారంలో పురుషులకొకటి, మహిళలకొకటి 250 స్థాయి పచ్చిక టోర్నీ, ముందుగా న్యూపోర్ట్‌ను అడిగి. స్టట్‌గార్ట్, రోస్‌మాలెన్, మయోర్కా, ఈస్ట్‌బోర్న్, నాటింగ్‌హామ్‌ల స్థాయి ఇంకా తగ్గదని కనీసం ఐదేళ్లకు రాతపూర్వక హామీ. ఫిబ్రవరిలో భారత్‌లో ఒక గడ్డి చాలెంజర్. వీటికి ఒప్పుకోలేకపోతే ఎందుకో కారణం బహిరంగంగా చెప్పండి. మేం వింటాం, మాకు తెలిసినంతలో జవాబిస్తాం.

ఇట్లు,
ఒక టెన్నిస్ అభిమాని,
హైదరాబాద్